జనాభా లెక్కల్లో మన తాతల జాడ



ఈమధ్య మన సమాఖ్య కార్యాలయానికి వచ్చే యువతీయువకులు ఒక ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నారు. "మా ముత్తాత ఏ ఊరినుంచి మద్రాసు వచ్చాడో తెలుసుకోవాలి. బ్రిటిష్ వాళ్ళు పదేళ్ళకోసారి జనాభా లెక్కలు తీశారు కదా, అందులో ఆయన పేరు ఉండదా?" అంటున్నారు. అమెరికాలో, లండన్‌లో స్థిరపడిన మన పిల్లలైతే ఇంకా గట్టిగా అడుగుతున్నారు. అక్కడి స్నేహితులు కంప్యూటర్ ముందు కూర్చుని ముత్తాత పేరు, వయసు, ఇంటి నంబరు, చేసే పని అన్నీ పాత జనాభా లెక్కల్లో చూసుకుంటుంటే, మనకెందుకు కుదరదన్నది వాళ్ళ సందేహం.

అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మన దేశపు జనాభా లెక్కల్లో తాత పేరు దొరకదు. కానీ తాత బతికిన కాలం, ఊరు, కులం, భాష, వృత్తి ఆ లెక్కల్లో దొరుకుతాయి. వాటిని ఇంట్లో ఉన్న కాగితాలతో కలిపి చదివితే వంశ చరిత్ర చాలావరకు తేలుతుంది. ఆ చదివే తీరు చెప్పడానికే ఈ వ్యాసం.

వాళ్ళకు దొరికింది, మనకు ఎందుకు దొరకదు?

అమెరికాలో జనాభా లెక్కల కాగితాలను 72 ఏళ్ళు రహస్యంగా ఉంచి, ఆ తరువాత అందరికీ చూపిస్తారు. 1950 నాటి కాగితాలను 2022 ఏప్రిల్ 1న బయటపెట్టారు. ఇంగ్లండులో ఆ గడువు నూరేళ్ళు. 1921 లెక్కల కాగితాలు అక్కడ 2022 జనవరిలో బయటికొచ్చాయి. అక్కడ కూడా అన్నీ మిగల్లేదు. ఇంగ్లండు, వేల్స్‌ల 1931 కాగితాలు 1942లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

మన దగ్గర పద్ధతి వేరు. లెక్కలవారు ఇంటింటికీ వచ్చి ఒక్కొక్కరి పేరు, వయసు, మతం, కులం, మాతృభాష, పుట్టిన జిల్లా, వృత్తి రాసుకున్న మాట నిజమే. 1901 నుంచి ఆ వివరాలను మనిషికొక చీటీ చొప్పున ఎత్తి రాసి, చీటీలను కట్టలు కట్టి లెక్కపెట్టారు. మొత్తాలు తేలి పుస్తకాలు అచ్చయ్యాక ఆ కాగితాలతో, చీటీలతో సర్కారుకు పని తీరిపోయింది. వాటిని దాచి ఉంచే ఏర్పాటు చెయ్యలేదు. అంటే మన ముత్తాత పేరు ఒక రోజు రాత్రి రాశారు, కొన్ని నెలలకు కూడిక అయిపోయింది, తరువాత కాగితం పోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో జనగణన చట్టం చేశారు. దాని 15వ సెక్షన్ ప్రకారం లెక్కలవారు రాసుకున్న వ్యక్తుల వివరాలను ఎవరూ తనిఖీ చెయ్యడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ లేదు. ఇన్నేళ్ళ తరువాత తెరుస్తామన్న గడువు ఆ చట్టంలో లేదు. జనం భయం లేకుండా నిజం చెప్పాలనే ఈ కట్టుబాటు పెట్టారు. అందులో మంచి ఉంది. కానీ వంశ చరిత్ర వెతికేవారికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. కాబట్టి "పాత సెన్సస్‌లో మీ తాత పేరు తీసిస్తాం, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా వస్తే నమ్మవద్దని ముందుగానే మనవి చేస్తున్నాం.

మిగిలిన పుస్తకాల్లో ఏముంది?

కాగితాలు పోయినా, వాటినుంచి తయారైన అచ్చు పుస్తకాలు మిగిలాయి. మద్రాసు రాజధానిలో అంతటా జరిగిన మొదటి పెద్ద లెక్క 1871 నవంబర్ 15న తీశారు. తరువాత 1881 ఫిబ్రవరి 17న దేశమంతటా ఒకేసారి లెక్క తీశారు. అప్పటినుంచి 2011 వరకు పదేళ్ళకోసారి ఆగకుండా తీశారు. ఒక్కో లెక్కకూ ఒక నివేదిక, దానితోపాటు పట్టికల సంపుటాలు ఉంటాయి. 1871 నివేదిక రాసింది కార్నిష్. 1891కి స్టూవర్ట్, 1901కి ఫ్రాన్సిస్, 1911కి మలోనీ, 1921కి బోగ్, 1931కి యీట్స్ బాధ్యులు. గ్రంథాలయంలో అడిగేటప్పుడు ఈ పేరు, సంవత్సరం చెబితే పుస్తకం త్వరగా దొరుకుతుంది.

ఆ పట్టికల్లో మనకు పనికొచ్చేవి నాలుగు. మొదటిది జిల్లాలవారీ కులాల పట్టిక. రెండోది మాతృభాషల పట్టిక. మూడోది వృత్తుల పట్టిక. నాలుగోది పుట్టిన జిల్లాల పట్టిక. ఈ నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, వలసల కథ చెప్పేది అదే. మద్రాసు నగరంలో ఉంటూ నెల్లూరులోనో, ఉత్తర ఆర్కాడులోనో, చెంగల్పట్టులోనో పుట్టినవారు ఎందరో అందులో చూడొచ్చు. 1921లో మన రాజధానిలో మగ్గాలను కూడా లెక్కపెట్టారు. 1961 జనగణనలో భాగంగా ఎంపిక చేసిన పల్లెల మీద, చేతివృత్తుల మీద విడి పుస్తకాలు తెచ్చారు. తాతల ఊరు ఆ పల్లెల్లో ఒకటైతే మీ అదృష్టం. వీధులు, ఇళ్ళు, పనిముట్లు, పండుగలు, అప్పులు కూడా అందులో చదవొచ్చు.

ఇవి చూడడానికి దూరం పోనక్కర్లేదు. ఎగ్మూరులో తమిళనాడు ప్రభుత్వ ఆర్కైవ్స్ ఉంది. పాంథియన్ రోడ్డులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. బీసెంట్ నగర్ రాజాజీ భవన్‌లో జనగణన శాఖ కార్యాలయం ఉంది. ఇంట్లో కూర్చునే చూడాలంటే జనగణన శాఖ వెబ్‌సైటులో పాత సంపుటాలు పెట్టారు, ఉచితంగా దించుకోవచ్చు. పిల్లలకు ఒక ఆదివారం ఈ పని అప్పజెప్పండి.

ఆ పుస్తకాల్లో మన పేరు ఎలా ఉంది?

ఇక్కడ జాగ్రత్త కావాలి. ఇవాళ మనం చెప్పుకునే పేరుతో వెతికితే పాత పట్టికల్లో మనం కనిపించకపోవచ్చు.

1871లో కార్నిష్ వందల కులాలను పదిహేడు పెద్ద తలకట్ల కింద సర్దాడు. నేతవారందరికీ కలిపి పెట్టిన తలకట్టు "కైకలర్". అది తమిళ నేతవారి పేరు. తెలుగు మాట్లాడే సాలెవారు, దేవాంగులు కూడా ఆ గంపలోనే పడ్డారు. కాబట్టి ఆ పుస్తకంలో మా కులం లేదని నిరాశపడొద్దు. మనం ఉన్నాం, కాకపోతే వేరేవాళ్ళ పేరు కింద ఉన్నాం.

తరువాతి లెక్కల్లో విడివిడి పేర్లు వచ్చాయి. పద్మశాలి, పట్టుశాలి వారిని చాలాసార్లు "సాలె" అన్న ఒక్క పేరు కింద చూపారు. దేవాంగులు "దేవాంగ" అని కనిపిస్తారు. కానీ 1909లో వచ్చిన థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథం చూస్తే వారికే జాడరు, డేర, సేనియన్, సేడన్ లాంటి పేర్లు ఉన్నట్టు తెలుస్తుంది. తొగటవారు, కర్ణభక్తులు విడిగా కనిపిస్తారు. సౌరాష్ట్రులను "పట్నూల్కారన్" అని రాశారు. ఆ రోజుల్లోనే కుల సంఘాలు మా పేరు ఇలా కాదు, అలా రాయండని సర్కారుకు అర్జీలు పెట్టుకునేవి. అందుకే ఒక లెక్కలో ఉన్న పేరు మరో లెక్కకు మారిపోవడం కద్దు. సంఖ్య ఒక్కసారిగా పెరిగినా తగ్గినా మనుషులు పుట్టారనో పోయారనో వెంటనే అనుకోకూడదు. పేరు మారిందేమో ముందు చూడాలి.

ఇది పాత ముచ్చట మాత్రమే కాదు. తమిళనాడు వెనుకబడిన తరగతుల జాబితాలో ఈరోజుకీ దేవాంగర్, సేడర్ పక్కపక్కనే ఉంటాయి. సాలియర్, పద్మశాలియర్, పట్టుశాలియర్ ఒకే వరుసలో ఉంటాయి. మీ తాత బడి సర్టిఫికెట్‌లో "సేడన్" అనో "సాలె" అనో ఉంటే అది తప్పు రాత కాదు. ఆ కాలపు సర్కారు వాడిన పేరు. పిల్లల కుల ధ్రువపత్రం దగ్గర తగవు వస్తే ఈ సంగతి తెలిసి ఉండడం ఎంత అవసరమో అనుభవించినవారికి తెలుసు.

ఇంకొకటి. కులాలన్నిటినీ లెక్కపెట్టి పట్టికలు అచ్చువేసిన చివరి లెక్క 1931ది. 1941లో యుద్ధం వల్ల కులాల పట్టికలు రాలేదు. 1951 నుంచి షెడ్యూల్డు కులాలు, తెగలు తప్ప మిగతావాళ్ళ కులం లెక్కించలేదు. మండల్ కమిషన్ 1980లో వెనుకబడిన తరగతుల జనాభాను అంచనా వేయడానికి యాభై ఏళ్ళనాటి 1931 లెక్కల మీదే ఆధారపడాల్సి వచ్చింది. మన తాతలు ఒక రాత్రి చెప్పిన జవాబు మన పిల్లల చదువుల దాకా వచ్చిందన్నమాట.

ఊరు కదల్లేదు, జిల్లా కదిలింది

పాత పట్టికలు జిల్లాలవారీగా ఉంటాయి. అందుచేత తాతల ఊరు ఆ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉండేదో ముందు తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

ఒక కుటుంబం తిరుత్తణి దగ్గరి పల్లెనుంచి చెన్నై వచ్చిందనుకుందాం. 1901 లెక్కల్లో ఆ పల్లె ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. కాబట్టి 1921, 1931 లెక్కలకు చిత్తూరు కింద చూడాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ పల్లె ఆంధ్రలోకి పోయింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించినప్పుడు మళ్ళీ మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అందుకని 1961 లెక్కకు చెంగల్పట్టు జిల్లాలో వెతకాలి. 1997 తరువాత అదే పల్లె తిరువళ్ళూరు జిల్లా. తాత గుడిసె అంగుళం కదల్లేదు, మగ్గం గుంట అక్కడే ఉంది. కాగితాల్లో మాత్రం నాలుగు జిల్లాలు, రెండు రాష్ట్రాలు మారింది.

చీరాల సంగతీ అంతే. 1901లో కృష్ణా జిల్లా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక గుంటూరు. 1970లో ఒంగోలు జిల్లా, అదే తరువాత ప్రకాశం అయింది. 2022 నుంచి బాపట్ల. వెంకటగిరి నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఆరణివారు 1989కి ముందు లెక్కలకు ఉత్తర ఆర్కాడు చూడాలి, తరువాత తిరువణ్ణామలై.

కాబట్టి మొదట ఒక కాగితం మీద నిలువుగా 1871 నుంచి 2011 వరకు లెక్కల సంవత్సరాలు రాసుకోండి. ఎదురుగా ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం నింపండి. ఇది పడుగు లాంటిది. ఇది సరిగ్గా పరుచుకుంటేనే పేక సాగుతుంది.

కరువు మాటను సంవత్సరంగా మార్చడం

మన ఇళ్ళల్లో వలస కథలకు తేదీలు ఉండవు. "పెద్ద కరువులో వచ్చాం", "ధాత కరువుకు ఊరు విడిచాం" అంటారు అవ్వలు. ఆ మాటను తీసిపారేయొద్దు. ధాత అనేది తెలుగు సంవత్సరం పేరు, అంటే 1876-77. దాని తరువాతది ఈశ్వర, 1877-78. దక్షిణ దేశాన్ని ఊడ్చిపెట్టిన మహా కరువు సరిగ్గా ఆ రెండేళ్ళలోనే వచ్చింది. గుంటూరు వైపువారు "నందన కరువు", "డొక్కల కరువు" అంటే అది 1832-33 నాటిది. అయితే ఈ పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. 1936-37 కూడా ధాతే. కాబట్టి ఎన్ని తరాల కిందటి మాటో కలిపి లెక్కగట్టాలి.

ఇప్పుడు 1871, 1881 లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. పదేళ్ళలో జనం పెరగాలి. కానీ కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. బళ్ళారి, కడప జిల్లాల్లోనూ బాగా తగ్గారు. చచ్చిపోయినవారు ఎందరో, ఊళ్ళు విడిచినవారు ఎందరో. రైతుకు పంట పోతే తిండి పోతుంది. నేతగాడికి రైతు దగ్గర డబ్బు పోతే బేరం పోతుంది. కరువు మొదటి నెలల్లోనే కొత్త బట్ట కొనేవాడుండడు. సేరు గింజలకు మగ్గం సామాను కుదువ పెట్టిన కథలు మన ఇళ్ళల్లో వినబడేది అందుకే.

అదే సమయంలో మద్రాసు నగరం లెక్క చూస్తే 1871లో 3,97,552 మంది, 1881లో 4,05,848 మంది. చుట్టూ జిల్లాలు కుంగుతుంటే నగరం కుంగలేదు. 1901కి 5,09,346. 1931కి 6,47,230. అవ్వ చెప్పిన ఒక్క మాట, రెండు పుస్తకాల్లోని రెండు అంకెలు కలిస్తే, మన కుటుంబం ఒక్కటే దిక్కులేక రాలేదని, ఒక పెద్ద కదలికలో మనవాళ్ళూ ఒకరని తెలుస్తుంది. వంశ చరిత్రకు జనాభా లెక్కలు చేసే మేలు ఇదే.

అంకెలను గుడ్డిగా నమ్మమని మేము చెప్పడం లేదు. వయసు అడిగితే ఆ రోజుల్లో ముప్పై, నలభై, యాభై అని గుండుగా చెప్పేవారు. ఆడవాళ్ళ పని చాలాసార్లు లెక్కలోకి రాలేదు. ఆసు పోసింది, కండెలు చుట్టింది, గంజి పెట్టింది వాళ్ళే అయినా నేతగాడిగా పడింది మగవాడి పేరే. 1931 లెక్కలో సంపాదించేవారు, పని చేసే ఆశ్రితులు, పని లేని ఆశ్రితులు అని మూడు రకాలు పెట్టారు. మన అవ్వలు ఆ రెండో వరుసలో నిలబడ్డారు. ఇంటిల్లిపాదీ పనిచేస్తేనే ఒక మగ్గం ఆడుతుందన్న సంగతి తెలిసిన మనం ఆ పట్టికను వేరే కంటితో చదవాలి.

పేర్లు దొరికే చోట్లు

సరే, కాలం తెలిసింది, ఊరు తెలిసింది. పేరు ఎక్కడ? అది జనాభా లెక్కల బయట దొరుకుతుంది.

పాత దస్తావేజులు అన్నిటికంటే గట్టి ఆధారం. ఇల్లు కొన్నా అమ్మినా, తాకట్టు పెట్టినా తండ్రి పేరు, ఊరు రాస్తారు. పాత పత్రాల్లో కులం, "మగ్గం నేత జీవనం" అన్న మాట కూడా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో విల్లంగం తీయిస్తే అంతకుముందు ఆ ఆస్తి ఎవరి పేరున ఉందో వరుసగా తెలుస్తుంది.

చేనేత సహకార సంఘాల సభ్యుల రిజిస్టర్లు రెండోవి. ఇవాళ మనం కో-ఆప్టెక్స్ అంటున్న సంస్థ 1935లో ఏర్పడింది. దాని కింద పనిచేసిన ఊరూరి ప్రాథమిక సంఘాల పుస్తకాల్లో సభ్యుడి పేరు, తండ్రి పేరు, మగ్గాల సంఖ్య ఉండేవి. మూతపడిన సంఘాల పుస్తకాలు చెదలు పడుతున్నాయి. మీ ఊరి సంఘం పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా ఫోటోలు తీసి ఉంచండి.

బడి రికార్డులు, పాత రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు తరువాతవి. 2025లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ వచ్చినప్పుడు 2002–2005 నాటి జాబితాల్లో అమ్మానాన్నల పేర్ల కోసం మనమందరం వెతుక్కున్నాం కదా. ఇరవై ఏళ్ళ కిందటి కాగితానికే అంత తిప్పలైతే నూరేళ్ళనాటి దానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

గుళ్ళను మరవకండి. కుల దైవం గుడి గోడమీద, మంటపం స్తంభం మీద, సత్రం రాతిమీద దాతల పేర్లు ఊరితో సహా ఉంటాయి. కాశీకి, గయకు పోయి పిండం పెట్టిన కుటుంబాలైతే అక్కడి పండాల పుస్తకాల్లో వచ్చినవారి పేరు, ఊరు, తండ్రి తాతల పేర్లు రాసి ఉంచుతారు. ఇక నోటి లెక్కలు: పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు, దేవాంగులకు సింగంవారు ఉన్నారు. గోత్రాలు, ఇంటిపేర్లు, కుల పురాణం పాడి ఊరూరా తిరిగేవారు. ఇంకా ఆ విద్య ఉన్నవారు కనబడితే కూర్చోబెట్టి, మర్యాద చేసి, రికార్డు చేసుకోండి.

మద్రాసులోనే తరతరాలుగా ఉన్న కుటుంబాలు ఇంకా వెనక్కి పోవచ్చు. తిరువొత్తియూరు పక్క కాలాదిపేట గవర్నరు జోసెఫ్ కాలెట్ కాలంలో, అంటే 1717–1720 మధ్య, నేతవారి కోసం ఏర్పడిన పేట. కాలెట్ పేటే నోళ్ళల్లో కాలాదిపేట అయింది. చింతాద్రిపేట 1734లో గవర్నరు మోర్టన్ పిట్ కాలంలో ఏర్పడింది. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట అన్నది ఆ పేరుకు అర్థంగా చెబుతారు. కంపెనీకి బట్ట కావాలి, నేతగాళ్ళు తన హద్దుల్లో ఉండాలి, అందుకే ఈ పేటలు కట్టించారు. ఆనాటి కోట కాగితాలు ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో నేసినవారికంటే బట్ట కొని ఇచ్చిన వర్తకుల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. అయినా మన పేట ఎలా పుట్టిందో తెలుసుకోవడం కుటుంబ చరిత్రలో భాగమే.

చివరగా ఓడల జాబితాలు. కూలి ఒప్పందం మీద సముద్రం దాటినవారి వివరాలు మనిషి మనిషికీ మిగిలాయి. 1860లో మద్రాసునుంచి నేటాల్‌కు పోయిన మొదటి ఓడ ట్రూరో. దానితో మొదలుపెట్టి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాసిన జాబితాలు దక్షిణాఫ్రికాలో ఉన్నాయి. మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీలో జాతీయ ఆర్కైవ్స్‌లో అలాంటివే ఉన్నాయి. ఫిజీకి మద్రాసునుంచి ఓడలు 1903 నుంచి 1916 వరకు పోయాయి. "తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్ళీ రాలేదు" అన్న మాట మీ ఇంట్లో ఉంటే అక్కడ వెతకండి. ఇంట్లో ఉన్న అన్న పేరు ఏ కాగితంలోనూ దొరక్కపోవచ్చు. ఓడెక్కిన తమ్ముడి పక్కన తండ్రి పేరు, ఊరి పేరు దొరికితే అన్న వంశానికీ అదే ఆధారం.

రాబోయే లెక్క, మన ఇంటి లెక్క

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. ఇప్పుడు 2027 మార్చి 1 గణన తేదీగా ప్రభుత్వం ప్రకటించింది. 1931 తరువాత మొదటిసారి అందరి కులమూ ఇందులో లెక్కకు రానుంది. మన సమాఖ్యలోని ఏ శాఖవారైనా కులం పేరు కుటుంబమంతా ఒకేలా, స్పష్టంగా చెప్పాలి. అన్న ఒక పేరు, తమ్ముడు ఒక పేరు చెబితే 1871లో గంపలో పడినట్టే మళ్ళీ పడతాం. మాతృభాష గడిలో కూడా ఇంట్లో ఏది మాట్లాడితే అది రాయించండి. చెన్నైలో పుట్టి తమిళంలో చదివినంత మాత్రాన అమ్మ భాష తమిళం అయిపోదు.

ఆ రోజు మనం చెప్పేది కూడా మన మునిమనవళ్ళకు కనిపించదు. చట్టం అదే, తలుపు అదే. అందుకే మేము ఒక మనవి చేస్తున్నాం. లెక్కలవారికి జవాబు చెప్పే రోజునే అదే వివరాలు మనం ఒక నోటుపుస్తకంలో రాసి ఇంట్లో ఉంచుకుందాం. ఇలా రాస్తే చాలు:

1. ఇంటిపేరు, గోత్రం, కులదైవం, ఆ గుడి ఉన్న ఊరు.
2. ఇంట్లో ప్రతి ఒక్కరి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. తెలిసినంతవరకు తాత, ముత్తాతల పేర్లు కూడా.
3. కోడళ్ళ పుట్టింటి ఇంటిపేరు, ఊరు. ఆడపిల్లలను ఇచ్చిన ఇంటిపేరు, ఊరు. ఇది రాయకపోతే సగం వంశం పోయినట్టే.
4. మగ్గం ఎవరిదాకా ఆడింది, ఏ రకం నేసేవారు, ఎవరికి వేసేవారు, ఎప్పుడు ఆపారు, తరువాత ఏ పనిలోకి పోయారు.
5. చెన్నైకి ఎవరు, ఎప్పుడు, ఎందుకు వచ్చారు, మొదట ఏ పేటలో దిగారు.
6. ఇంట్లో ఉన్న పాత కాగితాల జాబితా, ఏ కాగితం ఎవరి దగ్గర ఉందో.
7. ఈ సంగతులు చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ.

ఏడోది చిన్న విషయం కాదు. ఎవరు చెప్పారో తెలిస్తేనే ఎంతవరకు నమ్మాలో తరువాతివారికి తెలుస్తుంది. తెలియని చోట ఊహించి రాయొద్దు. ఖాళీ వదిలేయండి, రేపు ఇంకొకరు నింపుతారు. ఫోనులో ఫోటో తీసి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు పంపండి. ఒక ఇంట్లో తడిసినా ఇంకో ఇంట్లో మిగులుతుంది. 2015 వరదల్లో చెన్నైలో ఎన్ని ఇళ్ళల్లో దస్తావేజులు నీళ్ళపాలయ్యాయో గుర్తుంది కదా.

పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు అటకమీది రేకుపెట్టెను చెత్తబండికి ఇవ్వకముందు ఒకసారి తెరిచి చూడండి. ఎనభై దాటిన పెద్దలు ఉన్న ఇళ్ళు ఈ నెలలోనే మొదలుపెట్టండి. వాళ్ళు చెప్పేది వినడానికి ఎగ్మూరు పోనక్కర్లేదు, రుసుము కట్టనక్కర్లేదు. సాయంత్రం కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంటే చాలు.

నమస్కారాలతో,
మీ సమాఖ్య చరిత్ర విభాగం